థార్ రాక్స్‌లో అమ్మ పడుకునేలా పరుపు పలక: ఐదుగురం, ఒకే బండి, సలహాలు కావాలి

కొంపల్లి_కుర్రాడు · అక్టోబర్ 11, రాత్రి 10:40

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

బండి మహీంద్రా థార్ రాక్స్, డీజిల్, ఫోర్ బై ఫోర్. మేం ఐదుగురం. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు, మా అమ్మ. అమ్మకి 66. మోకాళ్ళు బాగా అరిగాయి.

పోయిన డిసెంబర్‌లో గండికోటలో గుడారం వేశాం. రాత్రి రెండింటికి అమ్మకి లేవాల్సొచ్చింది. నేల మీంచి లేవలేకపోయింది. నేనో చెయ్యి, మా ఆవిడో చెయ్యి పట్టుకుని లేపేసరికి పిల్లలిద్దరూ లేచి ఏడుపు. పొద్దున టీ తాగుతూ "ఈసారి నన్ను ఇంట్లో వదిలేసి మీరెళ్ళండిరా" అంది. కోపంగా అని ఉంటే బాగుండేది, మామూలుగా అంది. అప్పట్నుంచి గుడారం అటక మీదే ఉంది.

అందుకే ఈసారి అందరం బండిలోనే పడుకునేలా చెయ్యాలని ప్లాన్. ఎడమ పక్క రెండు సొరుగులు, 40 లీటర్ల నీళ్ళ ట్యాంకు, చిన్న ఫ్రిజ్, రెండో బ్యాటరీ, పైన ప్లై వేసి పరుపు. సంక్రాంతి సెలవుల్లోపు అయిపోవాలి, లంబసింగి వెళ్ళాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

డీజిల్_దాసు · అక్టోబర్ 11, రాత్రి 10:52

ఒక బండిలో ఐదుగురు పడుకోవడమా? మా ఊరి షేర్ ఆటో డ్రైవర్‌ని అడగండి అన్నా, ఆ లెక్కలన్నీ ఆయనకే తెలుసు.

పాత_జిప్సీ · అక్టోబర్ 12, ఉదయం 6:15

దాసు మాటలకేం గానీ, తమ్ముడూ, రాత్రి సంగతి తర్వాత చూద్దాం. ముందు పగటి సంగతి చెప్పు. ఐదుగురు ప్రయాణం చేస్తున్నారు. అంటే దారి పొడుగునా వెనక సీటు లేచే ఉండాలి, ముగ్గురూ బెల్టు పెట్టుకుని కూర్చోవాలి. పక్క పరిచేసి పిల్లల్ని దాని మీద పడుకోబెట్టి ఘాట్ ఎక్కేవాళ్ళని చూశాను. దయచేసి ఆ పని చెయ్యకు. మోటారు వాహనాల చట్టానికి 2019 సవరణ తర్వాత సెక్షన్ 194బి కింద బెల్టుకి వెయ్యి, పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని బెల్టో చైల్డ్ సీటో లేకుండా కూర్చోబెడితే ఇంకో వెయ్యి. జరిమానా సంగతి అటుంచు, బ్రేకు కొడితే పిల్లాడు అద్దం దాకా వస్తాడు.

కాబట్టి నీకు కావాల్సింది స్థిరంగా ఉండే మంచం కాదు. పగలు మడిచి డిక్కీలో ఉండాలి, రాత్రి పది నిమిషాల్లో పరుచుకోవాలి. సొరుగులు, ట్యాంకు అన్నావే, అవి ఒక్కడో ఇద్దరో తిరిగేవాళ్ళ బండ్లలో చూసినవి. వెనక సీటు ఎప్పటికీ మడిచేసుకుని తిరుగుతారు వాళ్ళు.

ఇంకోటి. రూపాయి ఖర్చు పెట్టకముందు వెనక సీటు మడిచి, ఇంట్లో ఉన్న బొంతలు, రజాయిలు పరిచి, మీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే ఒక రాత్రి పడుకో. ఒక్కడివి కాదు, అమ్మతో సహా. తర్వాత వచ్చి రాయి.

కొంపల్లి_కుర్రాడు · అక్టోబర్ 12, రాత్రి 9:30

బాబాయ్, వెనక సీటు సంగతి నిజంగానే ఆలోచించలేదు. ఎక్సెల్‌లో బొమ్మ గీసినప్పుడు వెనక సీటు మడిచే గీశాను. మేం ఎక్కడ కూర్చుంటామో గీయలేదు!

ఇవాళ టేపు పట్టుకుని కొలిచాను. ముందు సీట్లు పూర్తిగా ముందుకు జరిపి, వెనక సీటు మడిస్తే, ముందు సీటు వీపు నుంచి డిక్కీ తలుపు దాకా నాకు 5 అడుగుల 8 అంగుళాలు వచ్చింది. సీటు వీపు ఎంత వాలుస్తామో దాన్ని బట్టి ఒకటి రెండు అంగుళాలు అటూ ఇటూ. మడిచిన సీటుకీ డిక్కీ నేలకీ మధ్య మెట్టు ఉంది, చదునుగా లేదు. చక్రాల గూళ్ళ మధ్య ఇరుకు, వాటి పైకి వెళ్తే వెడల్పు. అందుకే సొరుగులు పెట్టి పలకని ఎత్తులో వేస్తే వెడల్పు కలిసొస్తుంది అనుకున్నాను.

వడ్రంగి_చెయ్యి · అక్టోబర్ 12, రాత్రి 10:05

రాజమండ్రిలో మాది ఫర్నిచర్ షాపు. మంచాలు చేసే పని కాబట్టి ఒక మాట చెప్తాను. మంచం చేసేటప్పుడు మేం పొడవు, వెడల్పు కన్నా ముందు ఎత్తు అడుగుతాం. పెద్దవాళ్ళ మంచమైతే మరీ.

మీ అమ్మగారు పడుకున్న చోటు నుంచి ఎలా లేస్తారో ఒకసారి చూడండి. పక్కకి తిరుగుతారు, మోచెయ్యి ఆనించి కూర్చుంటారు, అప్పుడు కాళ్ళు కిందికి వేస్తారు. అంటే మధ్యలో కూర్చోవడం ఉంది. ఆడవాళ్ళు కూర్చుంటే కింద నుంచి నడినెత్తికి సుమారు 80 సెంటీమీటర్లు, అంటే 32 అంగుళాలు. పైన కొప్పు, తలుపు వైపు వంగడం, అన్నీ కలిపి పరుపు నుంచి బండి పైకప్పుకి 35 అంగుళాలైనా ఉండాలి. పది అంగుళాల సొరుగు, దాని మీద ప్లై, మూడంగుళాల స్పాంజి వేశారనుకోండి, ఆవిడ పడుకోగలరు గానీ కూర్చోలేరు. పాక్కుంటూ బయటికి రావాలి. మోకాళ్ళు అరిగిన మనిషి పాకలేరు కదా.

సొరుగులు వద్దు. పలక ఎంత కిందికి ఉంటే అంత మంచిది. మడిచిన సీటు వీపు ఎంత ఎత్తులో ఉందో దానికి ఒక అంగుళం పైన పలక రావాలి, అంతకు మించి ఒక్క అంగుళం కూడా వద్దు.

వోల్టేజ్_బాబు · అక్టోబర్ 12, రాత్రి 11:20

మంచం సంగతి పెద్దలు చూస్తున్నారు కాబట్టి కరెంటు సంగతి నేను. రెండో బ్యాటరీగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తీసుకోండి. 12.8 వోల్టులు, 50 ఆంపియర్ అవర్ అంటే 640 వాట్ అవర్. ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి, ఆ కరెంటుని అదుపు చేసే డీసీ టు డీసీ ఛార్జర్ ద్వారా నింపాలి, నేరుగా వైరు కలపకండి. పైన 100 వాట్ల సోలార్ పలక. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ నడిచేటప్పుడు 40, 50 వాట్లు లాగుతుంది గానీ అది ఆగుతూ నడుస్తుంది, కాబట్టి రోజుకి సరిపోతుంది. వైరుకి ఫ్యూజు బ్యాటరీ దగ్గరే ఉండాలి, అవతలి కొసన కాదు. బొమ్మ కావాలంటే గీసి పెడతాను.

పాత_జిప్సీ · అక్టోబర్ 13, ఉదయం 6:02

వోల్టేజ్, నువ్వు చెప్పిందంతా కరెక్టే. అయితే అతను వెళ్ళేది రెండు రాత్రులకి. ఫ్రిజ్‌లో ఏం పెడతాడు? పెరుగు. లంబసింగిలో జనవరిలో పెరుగు బయట పెట్టినా పులవదయ్యా.

బండి బ్యాటరీ ఇంజన్ తిప్పడానికి మాత్రమే. దాన్ని రాత్రి ముట్టుకోకూడదు. అంతవరకు సరే. రాత్రికి కావాల్సిందేంటి? ఒక చిన్న ఫ్యాను, ఒక లైటు, రెండు ఫోన్లు. యూఎస్‌బీ ఫ్యాను 5 వాట్లు లాగుతుంది. 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకులో కాగితం మీద 74 వాట్ అవర్ ఉంటుంది, చేతికొచ్చేది 60 అనుకో. పన్నెండు గంటల ఫ్యాను. రెండు పవర్‌బ్యాంకులు కొనుక్కుంటే పని అయిపోయింది.

వోల్టేజ్_బాబు · అక్టోబర్ 13, ఉదయం 9:44

ఒప్పుకుంటాను బాబాయ్. రెండు రాత్రులకి పవర్‌బ్యాంకు చాలు. వారం తిరిగితే నా లెక్కకి రండి. స్పితీ, లడఖ్ వెళ్ళేవాళ్ళకి ఒక జాగ్రత్త: ఈ లిథియం బ్యాటరీలని సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు, లోపల పాడవుతాయి. ఆ చలిలో ఛార్జింగ్‌ని తనంతట తానే ఆపే బోర్డు ఉన్నదే కొనండి.

సీలేరు_గాలి · అక్టోబర్ 13, మధ్యాహ్నం 2:18

మాది నర్సీపట్నం. ఇద్దరు పిల్లలతో, అత్తగారితో బొలెరోలో తిరుగుతాం. మూడు రోజులుగా చూస్తున్నా, బ్యాటరీ, ప్లై, సోలార్ అన్నీ వచ్చాయి గానీ అసలు సంగతి ఒక్కరూ అడగలేదు. గండికోటలో అమ్మగారు రాత్రి రెండింటికి ఎందుకు లేవాల్సొచ్చింది?

మగవాళ్ళకి చెట్టు చాలు. అరవై దాటిన ఆడవాళ్ళు చీకట్లో, రాళ్ళలో, పొదల్లోకి వెళ్ళి గొంతుకూర్చోలేరు. అది తెలిసే చాలామంది సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం మానేస్తారు. మా అత్తగారు అలాగే చేసేవారు, చెప్పేవారు కాదు. మీ అమ్మగారిని కూడా అడిగి చూడండి, ముఖ్యంగా మీ ఆవిడ చేత అడిగించండి.

మేం చేసింది ఇది. ఆసుపత్రి సామాన్ల షాపులో మడతపెట్టే కమోడ్ కుర్చీ దొరుకుతుంది. కింద బకెట్‌కి కవర్ వేసి అందులో కాస్త రంపపు పొట్టు. బట్టలు మార్చుకునే సన్నటి నిలువు గుడారం ఒకటి, తలుపుకి రెండడుగుల దూరంలో. బండిలో చేతికందేలా ఒక టార్చి. పొద్దున్నే కవర్ కట్టేసి వెంట తెచ్చుకోవాలి, అక్కడ పారేయకూడదు. ఇది ముందు ఏర్పాటు చేసుకోండి, మంచం ఒక వారం ఆలస్యమైనా పర్లేదు.

కొంపల్లి_కుర్రాడు · అక్టోబర్ 13, రాత్రి 9:12

అక్కా, మా ఆవిడ అడిగింది. గండికోటలో సాయంత్రం నాలుగు నుంచి అమ్మ నీళ్ళు తాగలేదట. నాకు తెలియదు. ఇంకేం రాయాలో తోచట్లేదు. కుర్చీ ఇవాళే ఆర్డర్ పెట్టాను.

డీజిల్_దాసు · అక్టోబర్ 13, రాత్రి 9:20

నా షేర్ ఆటో జోకు వెనక్కి తీసుకుంటున్నాను. అక్క రాసింది ఈ థ్రెడ్‌లో పైన అతికించాలి.

బే_ఏరియా_బండి · అక్టోబర్ 14, ఉదయం 7:50

కాలిఫోర్నియా నుంచి. మాది టొయోటా ఫోర్ రన్నర్. దానికి వెనక అద్దం మొత్తం బటన్‌తో కిందికి దిగుతుంది, దోమతెర అక్కడే బిగించాం, గాలికి అదే మా దారి. ఇక్కడ ప్రభుత్వ భూముల్లో చాలాచోట్ల ఒకేచోట పద్నాలుగు రోజుల దాకా ఉచితంగా ఆగొచ్చు, అందుకే ఇలా పడుకోవడం మామూలే.

మీకు పనికొచ్చే మాట ఒకటుంది. యోసెమిటీ జాతీయ పార్కులో చీకటి పడ్డాక బండిలో తిండి పెట్టుకోనివ్వరు, ఎలుగుబంట్లు తలుపులు పీకేస్తాయి. అక్కడి ఇనప పెట్టెలో పెట్టి గడియ వెయ్యాలి. మొదటిసారి మా అమ్మ ఆవకాయ సీసా బండిలో ఉంచేసింది. ఇక్కడివాళ్ళకి ఆవకాయ తిండి కాదు, వాసన వేసే ఆయుధం. పార్కు సిబ్బంది వచ్చి టార్చి వేశారు. అర్ధరాత్రి పూట వాళ్ళకి ఇంగ్లీషులో ఆవకాయ అంటే ఏంటో వివరించాను.

పాత_జిప్సీ · అక్టోబర్ 14, ఉదయం 8:30

మనకీ నల్లమలలో ఎలుగుబంట్లున్నాయి. కానీ అక్కడ ఆగే ప్రశ్నే లేదు. శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు, అది పులుల అభయారణ్యం. అడవిలో దారి పక్కన బండి ఆపి పడుకుందాం అనే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇక్కడే వదిలెయ్యండి. ఊరు పక్కన, సర్పంచ్‌నో తోట యజమానినో అడిగి, లేదా గుడారాలు అద్దెకిచ్చేవాళ్ళ స్థలంలో. బండికి ఇంత అని తీసుకుని చోటిస్తారు, బాత్రూమ్ కూడా ఉంటుంది.

నులక_మంచం · అక్టోబర్ 15, సాయంత్రం 6:40

ప్లై ఎందుకండీ? ఇనప ట్యూబుతో చట్రం చేసి నవారు అల్లించండి. తేలిక, గాలాడుతుంది, కింద చెమ్మ పట్టదు. మా తాత నవారు పట్టె మంచం మీద ఎనభై ఏళ్ళు పడుకున్నాడు.

వడ్రంగి_చెయ్యి · అక్టోబర్ 15, రాత్రి 8:55

నవారు మంచిదే, ఒక్కరు పడుకుంటే. ఇద్దరు పడుకుంటే మధ్యలోకి జారి ఒకరి మీద ఒకరు పడతారు. పైగా నవారు కనీసం మూడు నాలుగంగుళాలు కుంగుతుంది, కింద అంత ఖాళీ వదలాలి, మళ్ళీ ఎత్తు పెరుగుతుంది. నవారు లాగే బలానికి చట్రం లోపలికి వంగుతుంది, అందుకని లావు ట్యూబు వెయ్యాలి, తేలిక అన్న మాట పోతుంది.

చెమ్మ గురించి అన్నది మాత్రం నిజం. అందుకే ప్లైని ఒకే పలకలా వద్దు. 12 మిల్లీమీటర్ల నీటికి తట్టుకునే ప్లై, ఐఎస్ 710 ముద్ర చూసుకోండి. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు షీటు ఇరవై కిలోల పైన ఉంటుంది, 18 మిల్లీమీటర్లు వేస్తే ముప్పై దాటుతుంది. మూడంగుళాల పట్టీలుగా కోసి, పట్టీకీ పట్టీకీ వేలు పట్టేంత సందు. కింద అంగుళం చదరపు ట్యూబు చట్రం ఉంటుంది కాబట్టి 12 చాలు.

చట్రం రెండు ముక్కలు. వెనక ముక్క డిక్కీలో ఎప్పుడూ ఉంటుంది. ముందు ముక్క దానికి పియానో కీలుతో (పొడుగ్గా పట్టీలా ఉండే కీలు) కలిసి, పగలు దాని మీదకి మడిచి ఉంటుంది. రాత్రి వెనక సీటు మడిచి, ఈ ముక్కని ముందుకి తిప్పేస్తే పరుచుకుంటుంది. దాని కొస ముందు సీట్ల వెనక గాల్లో ఉంటుంది కదా, అక్కడ రెండు మడత కాళ్ళు, వెనకవాళ్ళు కాళ్ళు పెట్టుకునే గుంటలో ఆనాలి. కాళ్ళ కింద పాత టైరు ట్యూబు ముక్క.

చట్టం_చెల్లెలు · అక్టోబర్ 16, ఉదయం 11:10

చిన్న హెచ్చరిక. సీట్లు విప్పి పక్కన పడేసి పలక బిగిస్తే, ఆర్‌సీలో ఉన్న బండికీ రోడ్డు మీదున్న బండికీ తేడా వస్తుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా మార్చొద్దంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా గొడవే. బండికి రంధ్రం వెయ్యకుండా, సీటు తియ్యకుండా, విప్పి ఇంట్లో పెట్టుకునేలా చేస్తే అది సామాను కిందికి వస్తుంది. గుంటూరు కోర్టులో నాకు రోజూ కనిపించేవి ఇవే తగాదాలు.

పాత_జిప్సీ · అక్టోబర్ 16, సాయంత్రం 5:48

బాగా చెప్పావమ్మా. కానీ విప్పేది అంటే వదులుగా ఉండేది అని కాదు. డిక్కీ నేలలో సామాను కట్టుకునే కొక్కేలుంటాయి, లారీలవాళ్ళు వాడే రాచెట్ బెల్టులు రెండు వేసి చట్రాన్ని వాటికి బిగించెయ్యి. ముప్పై కిలోల ఇనుము, చెక్క మీ అమ్మ వీపు వెనకే ఉన్నాయని గుర్తుపెట్టుకో.

కొంపల్లి_కుర్రాడు · అక్టోబర్ 26, మధ్యాహ్నం 12:30

బాబాయ్ చెప్పినట్టు నిన్న రాత్రి పార్కింగ్‌లో పడుకున్నాం. పలక ఇంకా లేదు, మెట్టు దగ్గర దిండ్లు, పైన రెండు బొంతలు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

తొమ్మిదిన్నరకి ఐదుగురం ఎక్కాం. పదికి నేను దిగిపోయాను. ఐదుగురం పట్టడం అనేది నా ఎక్సెల్‌లో మాత్రమే సాధ్యం. అమ్మ, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు మిగిలారు. పదకొండున్నరకి బాబు అమ్మ కడుపులో తన్నాడు. మా ఆవిడ వాణ్ణి తీసుకుని పైకి ఫ్లాట్‌కి వెళ్ళిపోయింది. చివరికి రాత్రంతా ఉన్నది అమ్మ, పాప. వాళ్ళిద్దరూ హాయిగా పడుకున్నారు.

రాత్రి ఒంటిగంటకి పాప తలుపు తీసుకోబోతే రాలేదు. బాబు కోసం వెనక తలుపులకి చైల్డ్ లాక్ వేసి ఉంచాను! లోపల నుంచి తెరుచుకోదు. పాప ముందు సీటు మీంచి పాకి వచ్చింది, అమ్మయితే ఏం చేసేది? ఆ లాక్ తీసెయ్యడం ఇప్పుడు నా జాబితాలో మొదటి పని.

నేను బయట నుంచి రిమోట్‌తో లాక్ చేసి వెళ్ళిపోయాను. లోపల పాప కదిలేసరికి అలారం మోగింది. వాచ్‌మన్ కర్ర పట్టుకుని వచ్చాడు. ఇప్పుడు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నేనే టాపిక్.

పొద్దున అద్దాలన్నీ లోపల తడి, పైకప్పు కూడా. బయట మరీ చలి కూడా లేదు. దోమలకి భయపడి అద్దాలు పూర్తిగా ఎక్కించేశాం, అదే తప్పనుకుంటా.

అమ్మ తలుపు పక్కన కూర్చుని కాళ్ళు కిందికి వేసింది గానీ నేల అందలేదు. ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టడానికి భయపడింది.

సీలేరు_గాలి · అక్టోబర్ 26, మధ్యాహ్నం 1:15

వెనకున్న డిక్కీ తలుపు నుంచి ఎక్కించకండి, పక్క తలుపు నుంచే. పలక మీద పడుకుంటే నడుము సరిగ్గా వెనక పక్క తలుపు దగ్గరకి వస్తుంది. కూర్చుంటే చాలు, తలుపు పక్కనే ఉంటుంది. కింద వెడల్పు కాళ్ళున్న ప్లాస్టిక్ స్టూలు, పైన ఊగని మంచి పిడి. ఆ పిడి ఉండటం వల్లే మా అత్తగారు ఎవర్నీ లేపకుండా వెళ్ళొస్తారు. "నేను ఎవర్నీ లేపలేదు" అని పొద్దున గర్వంగా చెప్తారు.

పాత_జిప్సీ · అక్టోబర్ 26, మధ్యాహ్నం 3:40

తడి అంటే మీ ఊపిరే. ఒక మనిషి రాత్రంతా వదిలే ఊపిరిలో దాదాపు గ్లాసుడు నీళ్ళుంటాయి. ఇద్దరికి రెండు గ్లాసులు. మూసిన డబ్బాలో అవి ఎక్కడికి పోతాయి? చల్లటి అద్దం మీదకే. ఎదురెదురుగా రెండు అద్దాలు అంగుళం చొప్పున దించు, ఒకటి ముందు ఎడమ, ఒకటి వెనక కుడి. తలుపు పైనుంచి తొడుగులా వేసే దోమతెర దొరుకుతుంది, లేదా అయస్కాంతంది. వాన పడ్డా లోపలికి రాకుండా అద్దాల పై అంచుకి వైజర్లు వేయించు. చిన్న ఫ్యాను ఒక సందు వైపు తిప్పి పెట్టు, బయటికి తోసేలా.

అందరికీ ఒక మాట, సరదాకి కాదు. చలి అని ఇంజన్ ఆన్ చేసి, ఏసీనో హీటరో వేసుకుని పడుకోకండి. కుంపటి, బొగ్గుల పొయ్యి, గ్యాస్ స్టవ్, ఏదీ లోపల వెలిగించకండి, ఆరిపోయిన బొగ్గులు కూడా లోపల పెట్టకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే పోతారు. ప్రతి చలికాలం పేపర్లో చదువుతూనే ఉన్నాం.

నిర్వాహకుడు · అక్టోబర్ 26, సాయంత్రం 4:05

రాక్స్ మైలేజీ, వెయిటింగ్ పీరియడ్ గురించిన 14 వ్యాఖ్యలు వేరే చోటికి మార్చాను. ఇక్కడ పడక గురించే మాట్లాడండి. పాత_జిప్సీ గారి రెండో పేరా పైన అతికిస్తున్నాను, సీలేరు_గాలి గారిదీ.

కొంపల్లి_కుర్రాడు · నవంబర్ 30, రాత్రి 10:25

పలక అయిపోయింది. వడ్రంగి_చెయ్యి గారు గీసి పంపిన బొమ్మ పట్టుకెళ్ళి బాలానగర్‌లో వెల్డింగ్ చేయించాను. ప్లై, ట్యూబు, కీళ్ళు, స్పాంజి, రెక్సిన్, కూలీ అన్నీ కలిపి పదకొండు వేల చిల్లర. సొరుగులు, ఫ్రిజ్, ట్యాంకు లేవు. పలక కింద ఉన్న ఖాళీలో రెండు పల్చటి ప్లాస్టిక్ ట్రేలు పడతాయి, అందులో స్టవ్, గిన్నెలు. నీళ్ళు ఐదు లీటర్ల క్యాన్లలో, ఖాళీ అయితే మడిచేసుకోవచ్చు.

స్పాంజి దగ్గర మాత్రం పొరపాటు చేశాను. షాపతను మెత్తగా ఉంటుందని అంటగట్టినది తెచ్చాను. అమ్మ కూర్చోగానే పట్టీలు తగిలాయి. వెనక్కి ఇచ్చి 40 డెన్సిటీది మూడంగుళాలు తెచ్చాను. ఇప్పుడు గట్టిగా ఉంది, ఇంట్లో మంచం కంటే ఇదే బాగుందని అమ్మ అంటోంది. మా ఆవిడకి ఆ మాట నచ్చలేదు. ఇంట్లో పరుపు సెలక్షన్ తనది.

అద్దాలకి వెండి కాగితం అంటించిన ఫోమ్ షీటు కోసి పెట్టాం. చలికి, ఎండకి, బయటివాళ్ళ చూపుకి ఒకటే మందు. దోమతెర వేసే రెండు అద్దాలకి పైన అంగుళం తగ్గించి కోశాం.

లారీలు తూచే వే బ్రిడ్జి కాటా మీద బండిని తూచాను కూడా, ఐదుగురం కూర్చుని, సామానుతో. కాటా దగ్గర కుర్రాడు లోడ్ ఏంటని అడిగాడు, కుటుంబం అన్నాను.

డీజిల్_దాసు · నవంబర్ 30, రాత్రి 10:31

మరి ఎంతొచ్చింది కుటుంబం?

కొంపల్లి_కుర్రాడు · నవంబర్ 30, రాత్రి 10:33

మా ఆవిడ ఇది చదువుతుంది. చెప్పను.

కొంపల్లి_కుర్రాడు · జనవరి 18, ఉదయం 11:50

లంబసింగి వెళ్ళొచ్చాం. రెండు రాత్రులు, చింతపల్లికి ఇవతల ఒక కాఫీ తోట పక్కన, ముందే అడిగి పెట్టుకున్న చోటు.

పడక ఇలా కుదిరింది: అమ్మ, పాప బండిలో. నేను, మా ఆవిడ, బాబు అటక దిగిన గుడారంలో, పక్క తలుపుకి ఎదురుగా నాలుగడుగుల్లో. అమ్మ వైపు తలుపు, మా గుడారం జిప్పు ఎదురెదురు. మధ్యలో స్టూలు, ఒక చిన్న సోలార్ దీపం. కుర్చీ గుడారం దానికి ఎడమ పక్క.

బండి చదునుగా నిలబెట్టడానికి అరగంట పట్టింది. ఫోన్లో మట్టం యాప్ చూసుకుంటూ ముందు చక్రాల కింద చెక్కలు పెట్టాం. మొదటి రాత్రి తల వైపు కాస్త పల్లంగా ఉండిపోయింది. పాప నిద్రలో జారి జారి పొద్దునకి డిక్కీ తలుపుకి తల ఆనించి ఉంది. రెండో రాత్రి తల వైపు ఎత్తు చేశాం.

చలి మామూలుగా లేదు. పొద్దున గడ్డి మీద మంచు పేరుకుని తెల్లగా ఉంది. గుడారంలో మేం ముగ్గురం స్వెట్టర్లు, మంకీ క్యాపులు వేసుకుని ముడుచుకున్నాం. బండిలో ఇద్దరి వేడికి, ఫోమ్ షీట్లకి, ఒక్క రజాయితో సరిపోయిందట. తడి ఉంది గానీ అక్టోబర్‌లో కారినంత కాదు, తువ్వాలుతో తుడిస్తే పోయింది. పరుపు కింద పొడిగానే ఉంది.

రాత్రి ఎన్నిసార్లు లేచావమ్మా అని అడిగితే రెండుసార్లు అంది. మాకెవరికీ తెలియదు. సాయంత్రం ఏడింటికి రెండు కప్పుల కాఫీ తాగింది, అది మాత్రం చూశాను.

ఒక ఫిర్యాదు ఉంది, అది అమ్మది. పక్కకి తిరిగినప్పుడల్లా పలక "కిర్రు కిర్రు" మంటోందట. పాపకి మెలకువ వస్తుందేమోనని తిరక్కుండా పడుకుందట.

వడ్రంగి_చెయ్యి · జనవరి 18, మధ్యాహ్నం 12:20

అది పట్టీలు ఇనుముకి రాసుకునే చప్పుడు. పట్టీలన్నీ విప్పి, ట్యూబు మీద సైకిల్ ట్యూబు పొడుగ్గా కోసి అంటించి, మళ్ళీ బిగించండి. కీలుకి కాస్త గ్రీజు. స్క్రూలు మరీ గట్టిగా బిగిస్తే 12 మిల్లీమీటర్ల ప్లై చీలుతుంది, చూసుకోండి. ఆదివారం పని.

కొంపల్లి_కుర్రాడు · జనవరి 18, రాత్రి 9:05

సైకిల్ ట్యూబు తెచ్చాను. పాత సైకిల్ షాపాయన డబ్బులు తీసుకోలేదు. ఎందుకు అని అడిగాడు, చెప్తే నమ్మలేదు.

అమ్మ శివరాత్రికి ఎక్కడికెళ్దాం అని అడుగుతోంది. కోటప్పకొండ అంటోంది. తిరునాళ్ళ జనంలో బండి ఆపుకోవడానికి చోటు దొరుకుతుందా? పల్నాడు వైపువాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.